టూర్ డి ఫ్రాన్స్: కొండెక్కేటప్పుడు కూడా ఒకరి చాటున ఒకరు ఎందుకు? పొగాచర్‌ను దెబ్బతీసిన ప్లాన్ ఇదే..

టూర్ డి ఫ్రాన్స్ వీడియోల్లో తరచూ కనిపించే సీన్ ఇది. నిటారుగా ఉన్న కొండ రోడ్డు.. నలుగురైదుగురు రైడర్లు ఒకరి చక్రం వెనక ఒకరు అతుక్కుపోయి ఎక్కుతుంటారు. అక్కడ స్పీడే తక్కువ. మరి గాలికి చాటు ఎందుకు?

లెక్క ఏంటంటే..

చదును రోడ్డుపై గంటకు 40 కి.మీ. వేగంతో వెళ్తే రైడర్ శ్రమలో ఎక్కువ భాగం గాలిని నెట్టడానికే పోతుంది. అందుకే ముందున్నవారి చాటున వెళ్తారు. దీన్నే డ్రాఫ్టింగ్ అంటారు. కొండపై సీన్ మారిపోతుంది. 8 శాతం వాలును గంటకు 20 కి.మీ. వేగంతో ఎక్కాలంటే, సైకిల్‌తో కలిపి 70 కిలోల బరువును పైకి లాగడానికే సుమారు 300 వాట్లు కావాలి. గాలికి పోయేది 35 వాట్లకు అటూఇటూ. చాటున ఉంటే అందులో 10 వాట్లకు పైగా మిగులుతుంది.

చూడ్డానికి చిన్న నంబరే. కానీ ఇద్దరూ సత్తా మొత్తం పెట్టి తొక్కుతున్నప్పుడు, అరగంట పాటు ఆ తేడా మామూలుది కాదు. ఎదురుగాలి ఉంటే లాభం ఇంకా ఎక్కువ.

2022లో ఏం జరిగింది?

2022 జులై 13.. 11వ స్టేజ్. ఎల్లో జెర్సీ అప్పటికే రెండుసార్లు టూర్ గెలిచిన తదేయ్ పొగాచర్‌దే. జంబో-విస్మా టీమ్ గాలిబియె కొండపై అతన్ని టార్గెట్ చేసింది. ఒకసారి ప్రిమోజ్ రోగ్లిచ్, మరోసారి యోనస్ వింగెగార్డ్.. వంతులవారీగా ఎటాక్ చేశారు. ఎవరినీ వదిలేయలేని పరిస్థితి. సాయానికి పక్కన టీమ్‌మేట్ లేక, ప్రతిసారీ పొగాచరే వెంటపడ్డాడు.

చివరి కొండ గ్రానాన్. 11.3 కి.మీ. పొడవు, సగటున 9.2 శాతం వాలు. అక్కడ టీమ్‌మేట్ రఫాల్ మైకా ముందుండి లాగినా లాభం లేకపోయింది. చివరి 5 కి.మీ.లో వింగెగార్డ్ దూసుకెళ్లాడు. పొగాచర్ 2 నిమిషాల 51 సెకన్లు వెనకబడ్డాడు. ఎల్లో జెర్సీ పోయింది, ఆ ఏడాది టూర్ కూడా చేజారింది.

అసలు పాయింట్ ఇదే. వాలు తక్కువ ఉన్నచోట చాటు దొరక్కుండా చేసి అలసిపోయేలా చేస్తే, నిటారు కొండపై ఏ చాటూ కాపాడలేదు. ఈసారి రేసు చూసేటప్పుడు ముందున్నది ఎవరన్నదే కాదు.. ఎవరి పక్కన ఎంతమంది టీమ్‌మేట్లు మిగిలారో కూడా గమనించండి.