కతోలిక దేవాలయము: బలిపీఠమునకును ప్రజలకును నడుమ దూరము

దేవాలయముననున్న ప్రతి వస్తువునకును ఒక ప్రయోజనము, ఒక అర్థము కలవు. ప్రయోజనము కంటికి కనబడును. అర్థము చరిత్ర తెలిసినగాని తెలియదు. బలిపీఠము క్రీస్తునకు, ఆరని దీపము ఆయన సాన్నిధ్యమునకు, జ్ఞానస్నానపు తొట్టి క్రొత్త పుట్టుకకు సంకేతములని పట్టిక వేసి చూపుట సులభము. ఆ పట్టిక తప్పు కాదు. కాని ఒకే వస్తువు ఒక శతాబ్దమున గోడలోని గూటియందును, వేరొక శతాబ్దమున ఆలయమధ్యమునను ఏల నుండెనో అది చెప్పజాలదు. ఈ వ్యాసమున మేము ఆ ప్రశ్ననే చేపట్టుచున్నాము.

ముందుగా ఒక మాటను గూర్చి విచారింపవలసియున్నది. బలిపీఠమనగానే తెలుగు పాఠకునకు ధ్వజస్తంభము చెంత, గర్భాలయమునకు వెలుపలనుండు శిలాపీఠము స్ఫురించును. తెలుగు కతోలికులు అదే మాటను తమ ఆలయమునకు హృదయమైన స్థానమునకు వాడుచున్నారు. హిందూ దేవాలయమున సర్వమును మూర్తి నాశ్రయించియుండగా, కతోలిక దేవాలయమున సర్వమును ఒక కార్యము నాశ్రయించియున్నది. ఆ కార్యము దివ్యబలిపూజ. అందు గురువు అర్పించు అప్పమును ద్రాక్షారసమును క్రీస్తు శరీరరక్తములగునని వారి విశ్వాసము. క్రీస్తు శిష్యులతో చేసిన కడరా భోజనమును, సిలువపై ఆయన చేసిన ఆత్మార్పణమును ఆ కార్యమున ఏకముగా స్మరింతురు. కావున బలిపీఠము భోజనపు బల్లయు, బలి జరుగు వేదికయు అగుచున్నది. బల్ల జనులను దగ్గరకు పిలుచును. వేదిక భయభక్తులతో దూరముగా నిలువుమనును. ఏ కాలమున ఏ యర్థమునకు ప్రాధాన్యము కలిగెనో దానిననుసరించియే మెట్లు, తెరలు, కటాంజనములు, ఆసనములు మారుచు వచ్చెనని మా అభిప్రాయము.

కాలనిర్ణయము చేయదగిన ప్రాచీన క్రైస్తవ ప్రార్థనాగృహములలో ముఖ్యమైనది సిరియా దేశమున, యూఫ్రటీసు తీరమందలి దూరా యూరోపస్ నగరమున 1931–32 త్రవ్వకములలో బయల్పడెను. అది మొదట సామాన్య గృహము. క్రీ.శ. 256 ప్రాంతమున నగరము సస్సానీయ పారశీకుల ముట్టడిలో నశించుటకు కొంతకాలము పూర్వము క్రైస్తవులు దానిని ప్రార్థనకు మలచుకొనిరి. రెండు గదుల నడిమి గోడ తీసివేసి ఒక పెద్ద గదిని చేసి, తూర్పు కొసను చిన్న అరుగు కట్టిరి. ఆ గదిలో అలంకారము స్వల్పము. చిత్రములన్నియు జ్ఞానస్నానపు గదిలోనే యున్నవి: తొట్టిపై మంచి కాపరి, గోడపై క్రీస్తు సమాధి కడకు పోవు స్త్రీలు. దీనినిబట్టి ఒక విషయము గ్రహింపవచ్చును. ఆ కాలమున ముఖ్యమైన హద్దు బలిపీఠమునకును ప్రజలకును నడుమ లేదు; జ్ఞానస్నానము పొందినవారికిని పొందనివారికిని నడుమ నుండెను. తరువాతి కాలపు ఆచారమునందును, గ్రంథపఠనము ముగియగానే జ్ఞానస్నానార్థులను వెలుపలికి పంపుట కలదు.

313లో మతస్వాతంత్ర్యము లభించినపిమ్మట క్రైస్తవులు తమ ఆలయమునకు రోమను దేవాలయమును నమూనాగా గైకొనలేదు. ఆ దేవాలయము దేవతామూర్తికి గృహము. జనులు వెలుపల నిలుచువారు. వీరికి జనులు లోపల గుమిగూడు శాల కావలెను. అందుచే న్యాయసభలకు, వర్తకమునకు వాడు బసిలికా అను పొడవైన మండపమును ఎన్నుకొనిరి. దాని కొసనుండు అర్ధవృత్తమున, న్యాయాధికారి కూర్చుండు తావున, పీఠాధిపతి ఆసనము వెలసెను. ఆసనమునకు లాటిను పేరు కథెద్రా; దానినిబట్టియే ఆ యాసనము గల ఆలయము కథెడ్రల్ ఆయెను. తెలుగు కతోలికులు పీఠాధిపతి పాలనమునందలి ప్రాంతమును మేత్రాసనమని వ్యవహరింతురు. ఒక ఉపకరణము పేరు వేరొకదానికి పేరగుట ఇరువైపులను కనబడుచున్నది: అచ్చట ఆలయమునకు, ఇచ్చట పాలనావిభాగమునకు.

ఈ శాలలో బలిపీఠమునకు క్రమముగా హద్దులేర్పడెను. రోములోని సాన్ క్లెమెంతే ఆలయము ఇందుకు మంచి నిదర్శనము. ఇప్పుడున్న పై ఆలయము 12వ శతాబ్ది ఆరంభమునాటిది. 1857లో ఆరంభమైన త్రవ్వకములలో దాని క్రింద 4వ శతాబ్దపు ఆలయము బయల్పడెను. పై ఆలయమధ్యమున గాయకులకై చలువరాతి పలకలతో కట్టిన ఆవరణ కలదు. ఆ పలకలలో కొన్ని 6వ శతాబ్దమునాటివి. క్రింది ఆలయమునుండి తెచ్చి మరల నిలిపిరి. ఆవరణకు ఇరుప్రక్కల పఠనవేదికలు, దానికావల నాలుగు స్తంభముల పందిరిక్రింద బలిపీఠము ఉన్నవి. పలకలు నడుమెత్తు మించవు. స్థలము వేరని చెప్పుచునే, జరుగు కార్యమును కప్పిపుచ్చవు.

మధ్యయుగమున దూరము పెరిగెను. పెద్ద ఆలయములలో గురువుల స్థలమునకును జనుల స్థలమునకును నడుమ ఎత్తైన తెరగోడలు లేచెను. సామాన్యులు అరుదుగానే సత్ప్రసాదమును స్వీకరించుచుండిరి. 1215 నాటి నాల్గవ లాటరను మహాసభ సంవత్సరమున కొక్కమారైన స్వీకరింపవలెనని శాసింపవలసి వచ్చెను. స్వీకరించుట తగ్గినకొలది చూచుటకు విలువ హెచ్చెను. గురువు అప్పమును తలపైకెత్తి జనులకు చూపు ఆచారము 13వ శతాబ్దమున వ్యాపించెను. ఆ మహాసభయే సత్ప్రసాదమును తాళము వేసి భద్రపరుపుమని ఆజ్ఞాపించెను. గోడలోని గూడు, వ్రేలాడు పాత్ర, స్తంభాకారపు గోపురము అని ఆ భద్రస్థానము దేశమునకొక రీతిగా నుండెను. లాటినున గుడారమను అర్థము గల పేరుతో పిలువబడు ఆ పేటికను మేము ఇచ్చట మందసమందుము.

ట్రెంటు మహాసభ (1545–1563) తరువాత ఈ యమరిక మరల మారెను. మిలాను పీఠాధిపతి చార్లెస్ బొర్రోమేయో 1577లో ఆలయనిర్మాణమును గూర్చియు ఉపకరణములను గూర్చియు సవిస్తరమైన సూచనలు వెలువరించెను. మందసము ప్రధాన బలిపీఠముపైకి వచ్చెను. 1614 నాటి రోమను విధిగ్రంథము ఆ స్థానమును పేర్కొనెను. పాపసంకీర్తనమునకు గురువునకును పశ్చాత్తాపికిని నడుమ జాలకము గల పెట్టె ఏర్పడెను. రోములో 1568లో ఆరంభమై 1584లో ప్రతిష్ఠింపబడిన జెసూ ఆలయమున తెరగోడ లేదు. విశాలమైన ఒకే మండపము, ఎటు నిలిచినను కనబడు బలిపీఠము. తెరగోడ పోయినచోట జనులు మోకరిల్లి సత్ప్రసాదమును స్వీకరించు పొట్టి కటాంజనము మిగిలెను. చూపునకు అడ్డు తొలగెను, అడుగునకు అడ్డు నిలిచెను.

ఇరువదవ శతాబ్దమున ఆ రెండవ యడ్డును చర్చకు వచ్చెను. రెండవ వాటికను మహాసభ 1963 డిసెంబరు 4న ఆరాధనమును గూర్చిన శాసనమును ప్రకటించి, జనులు చూపరులుగా గాక భాగస్వాములుగా నుండవలెనని కోరెను. 1964 సెప్టెంబరు 26 నాటి ఆదేశము, గురువు చుట్టును తిరుగుటకును ప్రజలకభిముఖుడై అర్పించుటకును వీలుగా ప్రధాన బలిపీఠము గోడనుండి వేరుగా నుండుట మేలనెను. కటాంజనములను తీసివేయుమని మహాసభ ఆజ్ఞాపింపలేదు. అయినను అనేక దేశములలో అవి తొలగిపోయెను, పాత బలిపీఠములును కొన్ని కూలెను.

దీనిని కొందరు పవిత్రతకు భంగమనిరి. కొందరు ఆదిమాచారమునకు మరలుట యనిరి. చరిత్ర ఇరుపక్షములను సంపూర్ణముగా బలపరుపదు. మొదటివారు సనాతనమని తలచిన యమరిక చాలవరకు ట్రెంటు తరువాతిది. రెండవవారి వాదమునకును చిక్కు కలదు. రోములోని ప్రాచీన పేతురు ఆలయమున ద్వారము తూర్పునను, బలిపీఠము పడమటి కొసను ఉండెను. అచ్చట గురువు తూర్పు ముఖముగా ప్రార్థించినచో సహజముగా జనులవైపే తిరిగియుండును. అది జనులకొరకు చేసిన యేర్పాటా, దిక్కునుబట్టి కలిగిన ఫలమా అనునది విచారింపక దానిని ప్రమాణముగా చూపుట తొందరపాటు.

ఈ సంస్కరణ మన దేశమున వేరొక రూపము దాల్చెను. భారతదేశపు పీఠాధిపతులు కోరిన పండ్రెండు మార్పులను 1969 ఏప్రిల్ 25న రోము అంగీకరించెను. పాదరక్షలు విడిచి నేలపై కూర్చుండుట, మోకాలు వంచుటకు మారుగా అంజలి ఘటించి వంగుట, క్రొవ్వొత్తులకు మారుగా నూనెదీపములు అందున్నవి. బలిపీఠముపై పరచు చిన్న వస్త్రమునకు మారుగా తాంబూలపు పళ్లెమును ఉంచవచ్చుననిరి. ముద్దిడుటకు మారుగా వస్తువును చేతితో తాకి కన్నులకద్దుకొనవచ్చుననియు అనుమతించిరి. ఈ కడపటిది మాకు మిక్కిలి గమనింపదగినదిగా తోచుచున్నది. కన్నులకద్దుకొనుటయందు స్పర్శయు వినయమును ఒక్క క్రియలోనే ఇమిడియున్నవి. బల్ల కోరు సామీప్యమును వేదిక కోరు మర్యాదను మన జనుల అలవాటు ఎప్పుడో జతపరచుకొన్నది.

ఇంతవరకు చూచినదానినిబట్టి, కతోలిక దేవాలయమున స్థిరమైనది బలిపీఠము. దాని చుట్టునున్న దూరము మాత్రము ప్రతి తరమును క్రొత్తగా కొలుచుకొన్నది. నడుమెత్తు పలక, తెరగోడ, కటాంజనము, ఖాళీ నేల ఆ కొలతకు మిగిలిన గుర్తులు. ఒక ఆలయమును సంస్కరించువారు కటాంజనమును ఊడదీసినప్పుడు రాతిని మాత్రమే గాక, అచ్చట మోకరిల్లిన తరము బల్లను వేదికను ఎట్లు సమన్వయించుకొన్నదో తెలుపు సాక్ష్యమును కూడ తీసివేయుచున్నారు. తీయవలసిన యవసరము కలుగవచ్చును. కాని తీయుటకు ముందు కొలిచి, వ్రాసి, చిత్రించి యుంచుట పరిశోధకుల విధి. శాసనము చెరిగినచో ప్రతి చూచి చదువుకొందుము. ప్రతి లేక చెరిగిన అమరికను మరల చదువుట దుర్లభము.