ఒంటి లైను – ఒక్క టోకెను

ఒకే ఫైలును ఇరువురు ఉద్యోగులు వేర్వేఱుగా తెఱచి దిద్దినచో, తుదకు నిలుచునది వెనుక భద్రపఱచినవాని దిద్దుబాటు మాత్రమే. మొదటివాని శ్రమ జాడలేక పోవును. ఈ చిక్కునకు విరుగుడు వెదకిన డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1960ల నడుమ తన ఉపాయమునకు రైలు సిగ్నలు పేరే పెట్టి, 'సెమఫోర్' అనెను. పంచుకొను వస్తువును ముట్టుటకు ముందు అనుమతిని చేకొనవలెను. పని తీఱగానే విడువవలెను. నడుమ వచ్చినవారు వేచియుండవలెను. ఖరగ్‌పూరు రైల్వే కుటుంబములకు ఇది చిరపరిచితమైన నియమమే.

రైల్వేలు దీనిని నెత్తురు చిందించి నేర్చినవి. 1874 సెప్టెంబరు 10 రాత్రి ఇంగ్లండులో నార్విచ్ చెంత థోర్ప్ వద్ద ఒంటి లైనుపై రెండు రైళ్లు ఎదురెదురుగా ఢీకొని ఇరువదిమందికి పైగా మరణించిరి. ఒకవైపు మెయిలును రమ్మని తంతి వెళ్లినది. రెండవవైపు ఎక్స్‌ప్రెస్సును పోనిచ్చిరి. మాటగా నున్న అనుమతి ఒకేసారి రెండుచోట్ల నుండగలదు, లోహపు బిళ్ల ఉండలేదు. 1878లో ఎడ్వర్డ్ టయ్యర్ అట్టి బిళ్లలను విద్యుద్యంత్రములో బంధించెను.

మన దేశపు ఒంటి లైనులపై నీల్ బంతి టోకెను ప్రసిద్ధి చెందినది. రెండు స్టేషనుల యంత్రములు తీగతో ముడిపడియుండును. అవతలి మాస్టరు సమ్మతింపనిదే బంతి రాదు. ఒకటి వెలుపలనుండగా రెండవది ఏ చివరనుండియు రాదు. బంతిని సంచిలోనుంచి, వలయమునకు తగిలించి, కదలుచున్న ఇంజనునకు అందించెడివారు. చూచువారికి వేడుక, చేయి చాచిన ఫైర్‌మనునకు మాత్రము కాదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే నెలకొల్పిన ఖరగ్‌పూరు జంక్షను సంగతి వేఱు. హౌరా, టాటానగర్, ఆద్రా, బాలేశ్వరముల దారులు కలియుచోట ఒకే పాయింటును పలు బండ్లు కోరును. ఒక దారి ఏర్పడగానే దాని కడ్డువచ్చు దారులన్నియు బిగిసిపోవలెను. దీనినే ఇంటర్‌లాకింగ్ అందురు. 2017లో ఇచట నెలకొల్పిన ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ 800 దారులకు ఏర్పడినది. రైల్వేనుండి పేరు నెరవు తెచ్చుకొన్న కంప్యూటరే ఇట్లు రైల్వేకు కావలి యైనది.

టోకెను తీసికొన్నవాడు తిరిగి ఈయకున్న లైనంతయు స్తంభించును. కంప్యూటరులో ఫైలుకు తాళము వేసినవాడు నడుమ ఆగిపోయినను అంతే. అందుచే పలుచోట్ల తాళమునకు గడువు పెట్టుదురు. గడువు తీఱెనని తెఱచుటయు నిరపాయము గాదు, పాతవాడింకను వ్రాయుచుండవచ్చును. స్టేషను మాస్టరు గడియారమును నమ్మడు. వచ్చిన బండి కడపటి పెట్టె దీపమునో గుర్తునో కన్నులార చూచిన పిమ్మటనే లైను విడుదలైనదని అవతలి స్టేషనునకు గంట కొట్టును.