అట్లాంటాని కూల్చినవాడు కట్టిన దీపం

అట్లాంటా తగలబడటం అనగానే చాలామందికి 'గాన్ విత్ ద విండ్' సినిమా గుర్తొస్తుంది. అందులో మనం చూసే మంట 1864 సెప్టెంబరుది. ఊరు వదిలిపోతూ దక్షిణాది సైన్యం తన మందుగుండుకి తనే పెట్టుకున్నది. అసలు కూల్చివేత నవంబరులో, షెర్మన్ ఆజ్ఞ మీద, ఉత్తరాది సైన్యం చేతుల్లో జరిగింది. రైలు పట్టాలు, ఇంజన్ షెడ్లు, స్టేషన్, ఫ్యాక్టరీలు పద్ధతి ప్రకారం నేలమట్టం చేయించిన ఇంజనీరు పేరు ఒర్లాండో పో. గొలుసులకి వేలాడదీసిన పట్టా ముక్కతో గోడల్ని ఢీకొట్టించాడు. రాతికట్టడం ఎక్కడ దెబ్బ తగిలితే కూలుతుందో అతనికి బాగా తెలుసన్నమాట.

ఆరేళ్ళ తర్వాత ఇదే మనిషి హ్యూరన్ సరస్సు మధ్యలో, దేనికీ కూలకూడని ఒక రాతికట్టడం మొదలుపెట్టాడు.

సరస్సు అంటే మన చెరువుల కొలత పనికిరాదు. హ్యూరన్ దాదాపు 59,600 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో సగం కన్నా ఎక్కువ. మిషిగన్ సరస్సు నుంచి ఇందులోకి రావాలంటే ఓడలకి మాకినా జలసంధి ఒక్కటే దారి. షికాగో గోధుమలు నీటిమీద తూర్పుకి వెళ్ళాలన్నా ఇదే దారి. ఆ జలసంధికి తూర్పున సుమారు 11 మైళ్ళ దూరంలో, నీళ్ళ కింద రెండు రాతి దిబ్బలు పక్కపక్కన దాక్కుని ఉంటాయి. చూడటానికి కళ్ళద్దాల్లా ఉంటాయని స్పెక్టకిల్ రీఫ్ అన్నారు. 1860ల చివర్లో రెండు స్కూనర్లు వాటికి కొట్టుకుని పోయాక ప్రభుత్వానికి కదలిక వచ్చింది.

1870లో పని మొదలైంది. పోలవరం వార్తల పుణ్యమా అని కాఫర్‌డ్యామ్ అన్న మాట మనకిప్పుడు కొత్త కాదు. ఇక్కడా అదే, కాకపోతే ఒడ్డు కనపడని చోట. 16 మైళ్ళ అవతల ఒక రేవులో 92 అడుగుల చదరపు కొయ్య చట్రం తయారుచేసి, దాన్ని లాక్కొచ్చి దిబ్బ మీద కూర్చోబెట్టారు. దాని మధ్య ఖాళీలో పీపా చెక్కల్లాంటి పలకలతో గుండ్రటి గోడ దింపారు. కింద సందుల్లో గడ్డి, నారతాడు కుక్కి నీళ్ళు తోడేశారు. 1871 అక్టోబరులో పనివాళ్ళు 11 అడుగుల లోతున, ఆరిన సరస్సు అడుగు మీద నిలబడ్డారు. (ఇంజనీర్ల పేర్లు దొరికినంత తేలిగ్గా వీళ్ళ పేర్లు దొరకవు.) ఒహాయో సున్నపురాళ్ళని ఒకదానితో ఒకటి బిగించి, కింది వరసని దిబ్బలోకే ఇనుప బోల్టులతో దిగ్గొట్టి, మొదటి 34 అడుగులు లోపల గుల్ల లేకుండా కట్టారు.

ఇంత బందోబస్తు అలల కోసం కాదు, మంచు కోసం. అక్కడ చలికాలంలో వేల ఎకరాల మంచుపలక, రెండడుగుల మందాన, ప్రవాహంతో పాటు కదులుతూ వస్తుంది. మెల్లగానే వస్తుంది కానీ ఆగదు. మామూలు గోడని తోసుకుంటూ పోతుంది.

అసలు పరీక్ష 1873-74 చలికాలంలో జరిగింది. మే నెలలో తిరిగి వచ్చిన కాపరులకి తలుపు కనపడలేదు. గోపురాన్ని ఆనుకుని 30 అడుగుల ఎత్తున మంచు పేరుకుంది. ద్వారం దానికింద 7 అడుగుల లోతున ఉంది. గొడ్డళ్ళు తీసుకుని మంచుని తవ్వుకుంటూ లోపలికి వెళ్ళారు. గోపురం చెక్కుచెదరలేదు. జూన్‌లో దీపం వెలిగింది. మొత్తం ఖర్చు 4 లక్షల డాలర్లు దాటింది.

ఆ దీపం వెలిగేసరికి పో అక్కడ లేడు. 1873లో షెర్మన్ అతన్ని మళ్ళీ తన దగ్గరికి పిలిపించుకున్నాడు. పని పూర్తి చేసింది గాడ్‌ఫ్రీ వైట్జెల్. 1865 ఏప్రిల్‌లో తగలబడుతున్న రిచ్‌మండ్‌లోకి అడుగుపెట్టి, మంటలార్పించిన జనరల్ ఇతనే. ఎక్కువమంది నల్లజాతి సైనికులున్న దళానికి అధిపతి. ఒక ఊరిని కూల్చినవాడు పునాది వేస్తే, ఇంకో ఊరిని ఆర్పినవాడు కొసకి చేర్చాడు. యాదృచ్ఛికమే అనుకోండి, నేను మాత్రం దాన్ని అంత తేలిగ్గా వదిలేయలేకపోతున్నాను. పో లెక్కలో అట్లాంటా, స్పెక్టకిల్ రీఫ్ రెండూ ఒకటే ఉద్యోగం కావచ్చు. అట్లాంటా వాళ్ళకి ఎలా ఒకటవుతుంది?

పో 1895లో పోయాడు, సూ లాకుల పనిలో తగిలిన గాయంతో. స్పెక్టకిల్ రీఫ్‌లో 1972 నుంచి కాపరులు లేరు, దాని పాత గాజు లెన్సు ఒహాయో మ్యూజియంకి చేరింది. సుపీరియర్ సరస్సు ఇనుప ఖనిజంతో ఇండియానా ఉక్కు ఫ్యాక్టరీలకి పోయే వెయ్యి అడుగుల ఓడలు ఇప్పటికీ ముందు అతని పేరున్న లాకు దాటి, తర్వాత మాకినా వైపు తిరిగి, ఆ గోపురానికి దూరంగా జరిగి వెళ్తుంటాయి.