మన హోలీ, మనం నడిచి వచ్చిన దారి

మన పూర్వీకులు శాసనాలు వేయించలేదు. మన గోర్‌బోలికి సొంత లిపి లేదు. మరి మనం ఎక్కడి నుంచి వచ్చామో పిల్లలు అడిగితే ఏం చూపించాలి? మన హోలీని చూపించవచ్చు అంటాం మేము. ఆ మాట ఎందుకంటున్నామో ఈ సంచిక చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పాలనే ఈ వ్యాసం.

ఫాల్గుణ పున్నమి దేశమంతటికీ పండుగే, కానీ చేసుకునే తీరు ఒక్కటి కాదు. ఉత్తరాదిన ప్రహ్లాదుడి కథ చెప్పుకుని హోలికను కాలుస్తారు. బెంగాల్‌లో ఇదే రోజు డోల్ యాత్ర. చైతన్య మహాప్రభువు 1486లో ఈ పున్నమి నాడే పుట్టాడు కనుక అక్కడ అది ఆయన జయంతి కూడా. మన పక్కనున్న తెలంగాణ పల్లెల్లో ఇది కాముని పున్నమి. పిల్లలు జాజిరి పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు, రాత్రికి కాముడిని దహనం చేస్తారు.

ఆ ఊళ్ల పక్కనే మన తండాలు ఉన్నాయి. అయినా మన పండుగ తీరు వేరు. చాలా తండాల్లో హోలీ మంట వెలిగేది రాత్రి కాదు, తెల్లవారుజామున. నాయక్, కారోబారి ముందుండి నడిపిస్తారు. మగవాళ్లు గేర్యాలు, ఆడవాళ్లు గేర్నీలు. పండుగకు చాలా రోజుల ముందు నుంచే రాత్రిపూట లెంగి పాటలు మొదలవుతాయి. ఒకరు ఎత్తుకుంటే మిగిలినవాళ్లు అందుకుంటారు. వేళాకోళం, నిష్ఠూరం, దీవెన అన్నీ ఆ పాటల్లోనే.

గత హోలీ తర్వాత కొడుకు పుట్టిన ఇంటి ముందు ఢూండ్ చేస్తాం. బిడ్డకు పైగా ఒక కర్రను అడ్డంగా పట్టుకుని, గేర్యాలు తమ కర్రలతో దాన్ని తడుతూ దీవెన పాడతారు. కొన్ని తండాల్లో పిండివంటల గిన్నెలను గుంజకు కట్టి గేర్నీలు కర్రలు పట్టుకుని కాపలా కాస్తారు. దెబ్బలు తప్పించుకుంటూ వాటిని అందుకోవడం గేర్యాల వంతు.

ఇప్పుడు రాజస్థాన్ వైపు చూద్దాం. మేవాడ్, మార్వాడ్ ప్రాంతాల్లో హోలీకి మగవాళ్లు గుండ్రంగా తిరుగుతూ కర్రలు తాకించి ఆడే ఆటను గైర్ అంటారు. బిడ్డ తొలి హోలీకి చేసే ఢూంఢ్ వేడుక అక్కడ ఈనాటికీ ఉంది. మోదుగ పువ్వును మనం కేసూలా అంటాం. గుజరాతీలో అది కేసుడో. పక్క ఊరి తెలుగువాళ్లు మోదుగ అని పిలిచే చెట్టుకింద నిలబడి, తరతరాలుగా మనం వేరే పేరు పలుకుతున్నాం. ఆ పేరు మనతో పాటు నడిచి వచ్చింది.

ఎలా నడిచి వచ్చిందంటే, ఎద్దుల మీద. ధాన్యం, ఉప్పు ఎత్తుకుని దేశమంతా తిరిగిన లదేణి మన బతుకుదెరువు. 17వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, ఒక్కో బిడారులో 10,000, 12,000 ఎద్దులు సాగడం చూశానని రాశాడు. దక్కన్‌కు దండెత్తి వచ్చిన మొగలు సేనలకు తిండిగింజలు మోసింది మనవాళ్లే. తర్వాత రైళ్లు వచ్చాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు నడిచింది. ఎద్దు మోసే సరుకును బండి మోయసాగింది, లదేణి ఆగిపోయింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం మనవాళ్లలో ఎందరి మీదో పుట్టుకతోనే దొంగల ముద్ర వేసింది. ఆ చట్టం 1952లో గానీ రద్దు కాలేదు. వ్యాపారం పోయింది, పరువు పోయింది, ఎద్దులూ పోయాయి. లెంగి మాత్రం మిగిలింది.

ఇప్పుడు అది కూడా జారిపోతోంది. హోలీకి డీజే పెట్టెలు వస్తున్నాయి. కేసూలా పువ్వులు ఉడికించి తీసిన రంగు బదులు దుకాణంలో పొట్లాలు కొంటున్నాం. లెంగి పూర్తిగా పాడగలిగినవాళ్లు చాలా తండాల్లో పెద్దవాళ్లే. వాళ్లు వెళ్లిపోతే రాసిపెట్టిన పుస్తకం ఏదీ ఉండదు. డీజేను తప్పు పట్టి ఊరుకుంటే లాభం లేదు, మనం నేర్చుకోకపోవడమే అసలు కారణం.

పాతదంతా అలాగే ఉండాలని కూడా మేము అనడం లేదు. ఢూండ్ కొడుకులకే ఎందుకు, కూతురు పుడితే ఎందుకు చేయకూడదు? దీవెనకు ఆడ, మగ తేడా అవసరం లేదని మా అభిప్రాయం. దారి పొడవునా మారుతూ వచ్చిన పండుగ ఈ మార్పునూ మోయగలదు.

ఈ హోలీకి మీరు చేయవలసిన పని ఒకటుంది. చేతిలో ఫోన్ ఉంది కదా. మీ తండాలో లెంగి వచ్చిన నాయనమ్మ దగ్గరో, తాత దగ్గరో కూర్చోండి. ఒక్క పాటనైనా మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేయండి. తెలుగు లిపిలో రాసుకోండి, అర్థం కాని మాటలు అడిగి తెలుసుకోండి. ఆ తర్వాత తెల్లవారుజామున మంట దగ్గర నిలబడి మీరే ఎత్తుకోండి. పెద్దవాళ్లు వెనక అందుకుంటారు.