ఆఫ్రికా కొస చుట్టిన దారి

1827 జులై 6 రాత్రి పత్తికొండలో కలరాతో కన్నుమూసేనాటికి మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఇంటికి పోయే ఏర్పాట్లలో ఉన్నాడు. అంతకు ముందు ఏడాదే ఆయన భార్య జేన్, ఒంట్లో బాగాలేని చిన్నకొడుకును వెంటబెట్టుకుని ఇంగ్లండ్ ఓడ ఎక్కింది. కొత్త గవర్నరు వచ్చి బాధ్యత తీసుకుంటే తనూ బయల్దేరాలి. ఈలోగా, ఒకప్పుడు ఏడేళ్ళు కలెక్టరుగా గుర్రమెక్కి తిరిగిన దత్తమండలాలను చివరిసారి చూసి వద్దామని మే నెలాఖరులో మద్రాసు విడిచాడు. దారిలో వెంట ఉన్న సిపాయిల్లో కలరా మొదలైంది. పత్తికొండ చేరేసరికి అది గవర్నరు డేరాలోకీ వచ్చింది. పొద్దున పట్టిన జబ్బు రాత్రికి ప్రాణం తీసింది. శవాన్ని గుత్తికి తీసుకుపోయి పూడ్చారు. 1831లో అవశేషాలు మద్రాసు సెయింట్ జార్జి కోటలోని చర్చికి చేరాయి. పత్తికొండలో ఆయన జ్ఞాపకంగా బావి తవ్వించి తోపు వేయించారు.

మన్రో మీద రాయలసీమలో కథలకు కొదవ లేదు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనొక్కడికే కనిపించి మాట్లాడాడంటారు. పిల్లలకు మండ్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. పాళెగాళ్ళను అణిచి కంపెనీకి శిస్తు పకడ్బందీగా రాబట్టిన మనిషిని అంత ఎత్తున కూర్చోబెట్టడం నాకు రుచించదు. ఆయన ఓడ ప్రయాణాల లెక్క మాత్రం తీసి చూడదగ్గది.

1779లో ఆయన ‘వాల్పోల్’ అనే ఓడ మీద మిడ్‌షిప్‌మన్‌గా బయల్దేరాల్సిన కుర్రాడు. ఓడ కదలబోతుండగా తండ్రి ఎలాగో తంటాలు పడి కంపెనీ సైన్యంలో కేడెట్ ఉద్యోగం ఇప్పించాడు. అయినా అదే ఓడలో, ఛార్జీకి బదులు పనిచేస్తూ వచ్చి, 1780 జనవరి 15న మద్రాసులో దిగాడు. అప్పుడు పద్దెనిమిదేళ్ళు. 1807 అక్టోబరులో సెలవు మీద బయల్దేరితే ఇంగ్లండ్ చేరింది 1808 ఏప్రిల్లో. 1814లో కొత్త భార్యతో తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. 1819లో వెళ్ళేటప్పుడు నడిసముద్రంలో ఓడ మీదే పెద్దకొడుకు పుట్టాడు. 1820లో గవర్నరు హోదాలో మళ్ళీ వచ్చాడు. సూయజ్ కాలువ తెరిచింది 1869లో. కాబట్టి అప్పట్లో ఈ ఓడలన్నీ ఆఫ్రికా దక్షిణపు కొస, గుడ్‌హోప్ అగ్రం చుట్టి రావాల్సిందే. అయిదుసార్లు ఆ కొస చుట్టిన మనిషికి ఆరోసారి పత్తికొండలోనే ఆగిపోయింది.

పనిచేసి ఛార్జీ తీర్చుకున్న కుర్రాడు నలభై ఏళ్ళకు గవర్నరు కేబిన్‌లో కూర్చున్నాడు. అదే సముద్రం మీద, కేబిన్ ముఖం ఎప్పటికీ చూడని తెలుగువాళ్ళు ఇంకో నలభై ఏళ్ళకు బయల్దేరారు.

1860 అక్టోబరు 12న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కదిలింది. చెరకు తోటలకు కూలీలు కావాలని అక్కడి దొరలు అడిగితే ఇక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది. అయిదేళ్ళ ఒప్పందం, మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల జీతం, ఆపైన ఏడాదికో షిల్లింగు పెంపు. ఓడెక్కడమే మొదటి గండం. అప్పటికి మద్రాసుకు హార్బరు లేదు. ఓడలు దూరంగా లంగరు వేసుకునేవి. ఒడ్డు నుంచి మసూలా పడవల్లో వాటిని చేరాలి. మసూలా పడవకు మేకులుండవు, పలకలను కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టేవారు. అల గట్టిగా కొట్టినా పగలకుండా పడవ ఒళ్ళు వంచుకుంటుంది. ఆ కుట్ల సందుల్లోంచి నీళ్ళు ఊరుతూనే ఉంటాయి, ఒకడు తోడిపోస్తూనే ఉండాలి. ఊళ్ళో చెరువు తప్ప పెద్ద నీళ్ళెరగని మెట్టప్రాంతపు మనిషికి ఆ మొదటి అరగంట ఎలా గడిచి ఉంటుందో మనం ఊహించుకోవాల్సిందే.

ఓడ లోపల పైడెక్కుకూ సరుకుల గదికీ మధ్య అంతస్తులో కూలీలను ఉంచేవారు. తర్వాతి చట్టాలు మనిషికి 12 చదరపు అడుగుల చోటు ఇవ్వాలన్నాయి. అంటే ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. పదేళ్ళలోపు పిల్లలిద్దరు కలిస్తే ఒక మనిషి కింద లెక్క. బియ్యం, పప్పు, ఎండుచేప, మిరపకాయ, చింతపండు కొలిచి వండేవారు. ఎవరి కులం వాళ్ళకు వేరే పొయ్యి అనడానికి అక్కడ చోటెక్కడిది? గాలివాన వస్తే పైకి దారి మూసేసేవారు. కింద చీకటి, వాంతులు, పిల్లల ఏడుపు. కలరా వస్తే దూకి పోవడానికి కూడా దారి లేదు.

35 రోజులకు, నవంబరు 16న, 342 మందితో ట్రూరో డర్బన్ చేరింది. ఆ రేవు నోట్లో ఇసుక తిన్నె ఉండేది, పెద్ద ఓడ లోపలికి పోలేదు. మళ్ళీ చిన్న పడవలే. మద్రాసులో తప్పని అవస్థ డర్బన్‌లోనూ తప్పలేదు. తర్వాత ఆవిరి ఓడలు వచ్చి రోజులు తగ్గాయి. 1911 వరకు 384 ఓడ ప్రయాణాల్లో 1,52,184 మంది అలా వెళ్ళారు, వారిలో మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచే. తెలుగువాళ్ళు ఎక్కువగా విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాలవాళ్ళు. ఆ ఉత్తర ఆర్కాటుకు అప్పుడు జిల్లా కేంద్రం చిత్తూరే కాబట్టి ఇది సీమకు పరాయి కథ కాదు.

గడువు తీరాక ఉండిపోదామనుకున్నవాళ్ళ మీద 1895 చట్టంతో ఏడాదికి మూడు పౌన్ల పన్ను పడింది. నెలకు పది పదిహేను షిల్లింగులు తెచ్చుకునేవాడికి మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు, నాలుగు నుంచి ఆరు నెలల రెక్కల కష్టం. గాంధీ పోరాటం తర్వాత 1914లో గాని ఆ పన్ను పోలేదు.

గాంధీ మాట వచ్చింది కనుక ఒక ముచ్చట. 1893లో బొంబాయి నుంచి డర్బన్‌కు బయల్దేరిన ఆ బారిస్టరుకు ఫస్ట్ క్లాసు దొరకలేదు. మొజాంబిక్ గవర్నర్ జనరల్ ఆ ఓడలోనే వెళ్తున్నాడు, కేబిన్లన్నీ నిండిపోయాయి. డెక్కు మీద పోనన్నాడు గాంధీ. నేరుగా ఓడకు వెళ్ళి చీఫ్ ఆఫీసరును అడిగితే, మామూలుగా ప్రయాణికులకివ్వని తన కేబిన్‌లోని ఖాళీ బెర్తు ఇచ్చాడాయన. రైల్లో మూడో తరగతికి మారిన మహాత్ముడి వెనక ఈ ఇరవై మూడేళ్ళ కుర్రాడు ఉన్నాడని గుర్తుంచుకుంటే ఆయన నాకింకా దగ్గరవుతాడు.

డర్బన్ తెలుగువాళ్ళు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు, గుళ్ళు కట్టుకున్నారు, పేర్ల చివర నాయుడు, రెడ్డి నిలుపుకున్నారు. ఇటు చూస్తే రాకపోకలే తెగిపోయాయి. వర్ణవివక్షకు నిరసనగా 1946లో భారత్ దక్షిణాఫ్రికాతో వర్తకం ఆపేసింది. ఆ తర్వాత చాలాకాలం మన పాస్‌పోర్టు దక్షిణాఫ్రికాకు చెల్లేది కాదు. రెండు దేశాల దౌత్య సంబంధాలు తిరిగి మొదలైంది 1993లో.

అప్పటి విమానాల సంగతి మరీ విడ్డూరం. 1963లో చాలా ఆఫ్రికా దేశాలు దక్షిణాఫ్రికా విమానాలను తమ ఆకాశంలో తిరగనివ్వలేదు. దాంతో యూరప్ వెళ్ళే సౌతాఫ్రికన్ ఎయిర్‌వేస్ విమానాలు ఖండం మీదుగా కాక పడమటి సముద్రం మీదుగా చుట్టూ తిరిగి, దారిలో సాల్ దీవిలో ఇంధనం పట్టుకునేవి. మన్రో నాటి ఓడలు సముద్రం మీద చుట్టిన ఖండాన్నే వీళ్ళు గాలిలో చుట్టారు. ఆ చుట్టుదారి కోసమే బోయింగ్ 747ఎస్పీ కొన్నారు. 1976 మార్చిలో అందులో ఒకటి అమెరికా పశ్చిమ తీరం నుంచి కేప్‌టౌన్‌కు ఎక్కడా దిగకుండా 17 గంటల 22 నిమిషాల్లో వచ్చి రికార్డు కొట్టింది.

పత్తికొండ నుంచి జోహానెస్‌బర్గ్ ఉద్యోగానికి ఈనాడు పోయే కుర్రాడి దారి వేరు. దగ్గర్లో ఓర్వకల్లు విమానాశ్రయం 2021లో వచ్చింది, పేరేమో కంపెనీ మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది. అయితే అక్కడి నుంచి విదేశానికి విమానం లేదు. రాత్రంతా బస్సులో హైదరాబాదుకో బెంగళూరుకో పోవాలి. అక్కణ్ణుంచి దుబాయికి నాలుగు గంటలు, పడిగాపుల తర్వాత మరో ఎనిమిది గంటలు. సీటుకూ సీటుకూ మధ్య ముప్పై ఒకటి, ముప్పై రెండు అంగుళాలు. మధ్య సీటు పడితే రెండు మోచేతుల యుద్ధం. ముందువాడు సీటు వెనక్కి వాల్చాడంటే భోజనం పళ్ళెం గొంతు కిందికి వస్తుంది. పొడిగాలికి పెదాలు పగులుతాయి, పాదాలు ఉబ్బి బూట్లు పట్టవు. గంటకోసారి లేచి నడవమంటారు డాక్టర్లు, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా. దుబాయి కాదని అడిస్ అబాబా మీదుగా పోతే ఇంకో సంగతి. విమానం లోపలి గాలి ఆరేడు వేల అడుగుల కొండ మీది గాలంత పలచన. అడిస్ అబాబా ఊరే అంతకంటే ఎత్తులో ఉంది, కనుక దిగి ఊపిరి పీల్చినా లాభం లేదు. అక్కడ పన్నెండు గంటలకు మించి ఆగితే దక్షిణాఫ్రికాలో ఎల్లో ఫీవర్ టీకా కాగితం అడుగుతారు.

కష్టమే, కాదనను. అయితే ఏటా సుగ్గికని గుంటూరు వైపు మిరప కోతలకు, టెంపోలో మూటల మధ్య ఒదిగి కూర్చుని పోయే పత్తికొండ, ఆలూరు జనానికి ఈ సీటు గోడు వినిపిస్తే నవ్విపోతారు. రాత్రి బయల్దేరి తెల్లారేసరికి చేలో దిగి బుట్ట పట్టుకునేవాళ్ళు వాళ్ళు.

ఇప్పుడు ఎదురు దిక్కు నుంచీ విమానాలెక్కి వస్తున్నారు. నేటాల్ వెళ్ళిన ప్రతి కూలీకీ ఒక నంబరు, ఓడ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఒంటి మీది మచ్చలు, జిల్లా, ఊరు రాసిన జాబితాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. ముత్తాత నంబరు పట్టుకుని మునిమనవలు ఊరు వెతుక్కుంటున్నారు. గుమాస్తా చెవికి పడినట్టు ఇంగ్లీషులో రాసిన ఊరిపేరు చాలాసార్లు ఏ పటంలోనూ దొరకదు. జిల్లా చోట ఉత్తర ఆర్కాటు అని ఉంటే మరీ చిక్కు. అప్పటి ఆ ఒక్క జిల్లా ఇప్పుడు చిత్తూరు, తిరుపతి, వేలూరు, రాణిపేట, తిరువణ్ణామలై వగైరా జిల్లాలుగా రెండు రాష్ట్రాల్లో చీలి ఉంది. వచ్చినవాళ్ళు ముందు ఏ రాష్ట్రపు రెవెన్యూ ఆఫీసు మెట్లెక్కాలో తేల్చుకోవాలి.