పచ్చి కొయ్య పాత్ర

ప్రాచీన జీవితాన్ని గూర్చి మనకు తెలిసినదానిలో చాలా భాగం పాత్రలు చెప్పినదే. మట్టిపాత్ర పగిలి పెంకు అయినా నేలలో వేల ఏండ్లు నిలుస్తుంది. కంచుపాత్ర తుప్పు పట్టినా తన ఆకారాన్ని పూర్తిగా పోగొట్టుకొనదు. కొయ్యపాత్రకు ఆ భాగ్యం లేదు. పగిలిన నాడు అది పొయ్యిలోకి పోతుంది. నేలలో పడితే చెదలకు ఆహారమవుతుంది. అందుచేత తరిమెన పట్టి కొయ్యపాత్రలు తీసినవారి చరిత్ర వ్రాయబోయే వానికి త్రవ్వకాలలో దొరికేది స్వల్పం. ఆ చరిత్రను గ్రంథాలలోని ఉపమానాలలోను, కొండవాగుల ఒడ్డున సాగిన పనిలోను వెదకవలసి ఉన్నది.

అట్టి ఉపమానాలలో ప్రసిద్ధమైనది పాళీ వాఙ్మయంలో ఉన్నది. మజ్ఝిమ నికాయంలోని సతిపట్ఠాన సుత్తం తన శ్వాసను గమనించే భిక్షువును నేర్పరియైన తరిమెన పనివానితో పోల్చినది. దీర్ఘంగా త్రిప్పినపుడు దీర్ఘంగా త్రిప్పుతున్నానని, కొద్దిగా త్రిప్పినపుడు కొద్దిగా త్రిప్పుతున్నానని ఆ పనివాడు ఎరిగి ఉంటాడు. భిక్షువు తన ఊపిరిని అట్లే ఎరుగవలెను. భేరి వంటి పెద్ద వస్తువుకు దీర్ఘమైన లాగుడు, దంతపు సూది వంటి చిన్న వస్తువుకు పొట్టి లాగుడు అని తరువాతి వ్యాఖ్యాతలు వివరించినారు. ఈ లాగుడు అన్న మాటలోనే ఆనాటి యంత్రం రూపం కనిపిస్తుంది. ఇరుసుకు చుట్టిన తాడును ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగితే ఇరుసు ముందుకొకసారి, వెనుకకొకసారి తిరుగుతుంది. ఒక దిక్కుకు తిరిగినపుడే ఉలి తెగుతుంది. రెండవ దిక్కుకు తిరిగేటప్పుడు ఉలిని తప్పించి వేచి ఉండవలెను. పనిలో సగం కోత, సగం విరామం. ఊపిరికి ఇంతకంటె దగ్గరి పోలిక దొరకడం కష్టం.

ఆగి ఆగి తిరిగే ఈ ఇరుసును ఆగకుండా త్రిప్పినది హిమాలయపు నీరు. కుమావూన్ కొండలలో పిండి విసిరే నీటి తిరుగలిని ఘరాట్ అంటారు. అదే సూత్రం మీద అక్కడి చునారులు తమ తరిమెనను నడిపినారు. వాగు నుండి చిన్న కాలువ తీసి, ఆ నీటిని ఏటవాలుగా రెక్కల చక్రం మీదికి వదులుతారు. చక్రంతోపాటు ఇరుసు, ఇరుసు కొనకు బిగించిన కొయ్య మొద్దు తిరుగుతాయి. పనివాడు పొడవైన ఇనుప పనిముట్టును మొద్దుకు ఆనించి ముందు వెలుపలి గుండ్రదనాన్ని, పిమ్మట లోపలి బోలును తీస్తాడు. తాడు లాగే సహాయకుని అవసరం లేదు. కాని ఈ తరిమెనను ఊరిలో పెట్టుకొనడానికి వీలు లేదు. నీరున్న చోటికే మనిషి పోవలెను. బాగేశ్వర్ వైపు గ్రామాల చునారులు శీతాకాలంలో కాలాఢూంగీ, రామ్‌నగర్ ప్రాంతాల భాబర్ వాగులకు దిగివచ్చి పనిచేయడం ఇందువలననే. అక్కడ నీరూ ఉన్నది, అడవీ ఉన్నది.

ఆ రెండూ ప్రక్కప్రక్కనే ఉండవలసిన కారణం కొయ్య స్వభావంలో ఉన్నది. అప్పుడే నరికిన మొద్దు తడితో నిండి ఉంటుంది. ఆ తడి ఉన్నంతసేపు ఉలి నునుపుగా సాగుతుంది. కొయ్య పొరలు పొరలుగా లేచి వస్తుంది. మొద్దును అట్లే ఎండనిస్తే పైభాగం ముందు ఎండి కుదించుకొంటుంది. లోపలిది తడిగానే ఉండి కుదించుకొనదు. మొద్దు బీటలు వారుతుంది. పలుచని పాత్రగా తీసిన కొయ్య ఇంచుమించు అంతటా ఒకేసారి ఎండుతుంది గనుక ఆ ప్రమాదం తక్కువ. కాని వలయాల వెంబడి కలిగే సంకోచం, కేంద్రం నుండి వెలుపలికి కలిగే సంకోచానికి సుమారు రెట్టింపు. అందుచేత గుండ్రంగా తీసిన పాత్ర ఎండిన తరువాత కొంచెం కోలగా మారుతుంది. అనుభవం గల పనివాడు దీనిని దోషమని తలచడు. ముందే లెక్కలోనికి తీసుకొంటాడు. మన ఏటికొప్పాకలో పద్ధతి వేరు. అక్కడి అంకుడు కొయ్యను ముందు బాగా ఎండనిచ్చి, పిమ్మట తరిమెన పట్టి, తిరిగే వస్తువుకు లక్కను ఒత్తి రాపిడి వేడితో అంటిస్తారు. బొమ్మ మెరవవలెను గనుక కొయ్య వేచి ఉంటుంది. పాలపాత్రకు మెరుపుతో పని లేదు. కొండ వృత్తికి వేచి ఉండే వ్యవధి లేదు.

గేఠీ, సాందన్ మొదలైన చెట్ల నుండి తీసిన ఈ పాత్రలు కొండ ఇంటిలో అన్ని పనులకూ వచ్చేవి. పెరుగు తోడుపెట్టేది ఠేకీ. ధాన్యం కొలిచేది నాలీ. ఒక నాలీ విత్తనం చల్లే నేలకూ నాలీ అనే పేరు వచ్చినది. నేటికీ ఉత్తరాఖండ్‌లో పొలాన్ని నాలీలలో లెక్కిస్తారు. ఒక నాలీ 240 చదరపు గజాలు. పాత్ర వంటింటిని విడిచి వెళ్లినా దాని కొలత భూమి మీద నిలిచిపోయినది. పిథోరాగఢ్ అడవులలోని రాజీలు తాము చేసిన కొయ్యపాత్రలను రాత్రివేళ గ్రామస్థుల గడపల వద్ద ఉంచి, మారుగా పెట్టిన ధాన్యాన్ని ఎవరికీ కనబడకుండా తీసుకొని పోయేవారని ప్రసిద్ధి. తూర్పున భూటాన్‌లోని త్రాషియాంగ్‌ట్సే ఇదే వృత్తికి పేరుపొందినది. అక్కడ షాగ్‌జో అనే ఈ పని దేశపు పదమూడు సంప్రదాయ కళలలో ఒకటి. పచ్చి కొయ్యను మందంగా ఒకసారి తీసి, ఆరబెట్టి, మరల తరిమెనకెక్కించి పానపాత్రగా పూర్తిచేస్తారు. చెట్టు బుడిపెలోని చిక్కు రేఖలను బట్టి పాత్ర విలువ కట్టడం అక్కడి ఆచారం.

కుమావూన్‌లో ఈ వృత్తి గతి వేరుగా నడిచినది. 1878 అటవీ చట్టం తరువాత, ముఖ్యంగా 1911, 1917 సంవత్సరాల మధ్య, అక్కడి అడవులు విస్తారంగా రిజర్వు చేయబడినవి. ప్రజల ఆగ్రహం 1921లో అడవులకు నిప్పుగా పరిణమించినది. ఆ సంవత్సరమే ఫిర్యాదుల విచారణ సంఘం ఏర్పడినది. 1931లో వన పంచాయతీలకు నియమాలు వచ్చినవి. అయినను ఒక చిక్కు తీరలేదు. ఎండి రాలిన పుల్లలు ఏరుకొనడం తేలిక. పచ్చి చెట్టు మీద గొడ్డలి వేయడానికే అనుమతి కావలెను. చునారుకు కావలసినది సరిగా ఆ పచ్చి చెట్టే. అనుమతి ఆలస్యమైతే చేతికందేది ఎండి బీటవారిన మొద్దు. 1973లో చమోలీ జిల్లాలో చిప్కో ఉద్యమానికి నాందియైన తగవు కూడ ఇట్టిదే. వ్యవసాయ పనిముట్లకై స్థానికుల సంస్థ కోరిన అంగూ చెట్లు నిరాకరింపబడి, క్రీడా సామగ్రి చేసే దూరపు సంస్థకు కేటాయింపబడినవి. ఆ ఉద్యమ ఫలితంగా 1981లో వేయి మీటర్లకు పైనున్న కొండలలో పచ్చి చెట్ల వాణిజ్య నరికివేత నిషేధింపబడినది. అడవికి అది మేలు చేసినదనడంలో సందేహం లేదు. కాని గుత్తేదారు వేయి చెట్లకును, పనివాని ఒక్క చెట్టుకును భేదం చూపడం ఏ చట్టానికైనా కష్టమే.

ఇంతలో అల్యూమినియం, ఉక్కు, ప్లాస్టిక్ పాత్రలు కొండ బజారులకెక్కినవి. అవి బీటవారవు, కోలగా మారవు, అనుమతి కోరవు. ఠేకీ క్రమంగా వంటింటి నుండి అటుకకు, అటుక నుండి వస్తుప్రదర్శనశాలకు చేరినది. ప్రదర్శనశాలలో పాత్రను చూడవచ్చును; కాని ఈ మొద్దు ఇంకా తడిగా ఉన్నది, నేడే తీయవలెను అని వ్రేలితో తాకి చెప్పే జ్ఞానాన్ని అక్కడ చూడలేము. అది తండ్రి చేతి నుండి కొడుకు చేతికి, వాగు ఒడ్డున, చక్రం తిరుగుతుండగా మాత్రమే అందేది. చేయి మారడం ఒక తరం ఆగితే, మరల దానిని తెలుపగల గ్రంథం లేదు. సుత్తంలోని ఆ పనివాడు ఎరిగినది లాగుడు పొడవును మాత్రమే కాదు; తన చేతిలోని వస్తువు ఏ స్థితిలో ఉన్నదో కూడ అతడు ఎరిగి ఉండవలెను. కోలగా మారిన పాత ఠేకీ ఒకటి చేతికి తీసుకొంటే, ఒకనాడు అది పచ్చిగా ఉండెనని, దానిని సకాలంలో గుర్తించినవాడు ఒకడుండెనని ఆ వంకరే చెబుతుంది.