పెద్దనాయన ‘మిలిట్రీ తుపాకి’ : .303కీ .315కీ మధ్య కథ

పోయినసారి పాళెగాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. 1800లో నిజాం ఈ సీమ జిల్లాలను ఇంగ్లీషు కుంపిణీకి ఇచ్చేసినాక, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో చేసిన మొదటి పనుల్లో ఒకటి పాళెగాళ్ళ బలగాల చేతుల్లో ఆయుధాలు లేకుండా చెయ్యడం. ఈరోజు అదే దారిలో ఇంకొంచెం ముందుకు పోదాం. మా ఇంటి కథతో మొదలుపెడతాను.

మాది బెళుగుప్ప. మా పెద్దనాయన దగ్గర లైసెన్సు తుపాకి ఒకటుండేది. ఊర్లో అందరూ దాన్ని ‘మిలిట్రీ తుపాకి’ అనేవాళ్ళు. చిన్నప్పుడు మేమంతా అది యుద్ధంలో వాడిందనే నమ్మినాం. ఎవరో సోల్జరు దగ్గర కొన్నాడనీ, దాన్ని కోయించి వేట తుపాకి చేయించినాడనీ ఒక కథ నడిచేది. పెద్దనాయన అవుననేవాడు కాదు, కాదనేవాడు కాదు. మీసం కింద నవ్వుకునేవాడు.

చరిత్ర పిచ్చి పట్టినాక నాకు ఆ కథ నిజమేనా అని అనుమానమొచ్చింది. ఎందుకంటే అమెరికాలో ఇలాంటివి లక్షల్లో జరిగినాయి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయినాక సైన్యాలకు అక్కర్లేని రైఫిళ్ళు గుట్టలుగా మిగిలిపోయినాయి. జర్మనీ మౌజర్లు, అమెరికా స్ప్రింగ్‌ఫీల్డులు, బ్రిటిషు లీ-ఎన్‌ఫీల్డులు. అగ్గువకు అమ్మేసినారు. కొన్నవాళ్ళు ఏం చేసేవాళ్ళంటే, గొట్టం చివరిదాకా ఉండే కట్టెను సగానికి కోసి, మంచి వాల్‌నట్ కట్టెతో కొత్త మడమ పెట్టి, పాత గురి పలక తీసేసి దుర్భిణి బిగించేవాళ్ళు. జింక వేటకు తుపాకి తయారు. ఇది పేదోళ్ళ పని మాత్రమే కాదు. అంతకు చాలా ముందే, 1909లో థియోడర్ రూజ్‌వెల్ట్ ఆఫ్రికా వేటకు తీసుకుపోయిన తుపాకుల్లో ఒకటి ఇట్లా మార్పించిన స్ప్రింగ్‌ఫీల్డే.

పోస్టులో డబ్బు పంపితే రైఫిలు ఇంటికొచ్చే కాలం అది. 1963లో లీ హార్వీ ఓస్వాల్డ్ ఇటలీ సైన్యం పాత కార్కానో రైఫిలును దుర్భిణితో సహా 21 డాలర్ల 45 సెంట్లకు తెప్పించుకున్నాడు. దాంతోనే కెన్నెడీని చంపినాడు. 1968లో చట్టం వచ్చి పోస్టు అమ్మకాలు ఆగినాయి, విదేశీ సైన్యాల పాత తుపాకుల దిగుమతికీ అడ్డం పడింది. తమాషా ఏందంటే, ఇప్పుడు అక్కడ కోయకుండా మిగిలిన రైఫిలుకే ఎక్కువ ధర. కోసినోళ్ళంతా నెత్తి కొట్టుకుంటున్నారు.

సరే, మన దగ్గరికి వద్దాం. మన దేశంలో ఒక రైతు పాత మిలిట్రీ .303 తెచ్చుకుని వేట తుపాకిగా మార్చుకోగలడా? లేదు. బ్రిటిషువాళ్ళప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఎందుకు లేదన్నదే అసలు కథ.

1857 తిరుగుబాటు బ్రిటిషువాళ్ళకు పట్టిన భయం. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడికి లైసెన్సు కావాల, యూరపువాడికి మినహాయింపు. తర్వాత సైన్యానికి .303 తూటా వచ్చింది. అంటే గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో వెయ్యికి 303 వంతులు. మన పోలీసుల నోట్లో ‘త్రీ నాట్ త్రీ’ అయింది ఇదే. ఇప్పుడు సర్కారు లెక్క చూడండి. సైన్యం డిపోలోంచి తూటాల పెట్టె ఒకటి దొంగతనంగా బయటికొస్తే, దాన్ని పేల్చే రైఫిలు జనం దగ్గర ఉండకూడదు. అందుకని సైన్యం కొలత తుపాకిని మామూలు జనానికి నిషేధించినారు.

మరి జమీందార్లకు, షికారీలకు, టీ తోటల దొరలకు వేట రైఫిలు కావాల కదా. తుపాకి కంపెనీలు దారి కనిపెట్టినాయి. బర్మింగ్‌హామ్‌లోని బీఎస్‌ఏ వంటివాళ్ళు అదే లీ-ఎన్‌ఫీల్డు యంత్రానికి వేరే కొలత గొట్టం పెట్టినారు. అది .315, అంటే 8 మిల్లీమీటర్లు. ఆ తూటా ఎవరిదనుకున్నారు? ఆస్ట్రియా-హంగరీ సైన్యం వాడే మాన్‌లిషర్ తూటా! సొంత సైన్యం తూటా జనానికి ఇవ్వడానికి భయం, పరాయి సైన్యం తూటాతో ఇబ్బంది లేదు. 1914లో ఆ ఆస్ట్రియాతోనే యుద్ధమొచ్చింది, అది వేరే సంగతి.

ఈ భయం జనం దగ్గరే ఆగలేదు. కలకత్తా పక్కన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో .303 రైఫిళ్ళనే తీసుకుని, గొట్టం లోపలి మరలు లేకుండా నున్నగా చేసి, .410 మస్కెట్లుగా మార్చినారు. ఒక్కోసారి ఒక్క తూటానే. అవి జైలు కాపలావాళ్ళకు, కొన్నిచోట్ల పోలీసులకు. బయటినుంచి చూస్తే అచ్చం సైన్యం రైఫిలు, దూరం మాత్రం పోదు. అమెరికాలో పాత రైఫిలును మార్చింది ఇంకా బాగా గురి తగలడానికి. ఇక్కడ మార్చింది తగలకుండా ఉండడానికి. నాకైతే ఇది చదివినప్పుడు నవ్వు రాలేదు.

స్వాతంత్ర్యం వచ్చింది. 1959లో కొత్త ఆయుధాల చట్టం, 1962లో నిబంధనలు. ఆ జాబితా తీసి చూస్తే .303 నిషిద్ధమే, .410 మస్కెటు కూడా నిషిద్ధమే. సైన్యం 7.62కు మారితే ఆ కొలత కూడా పక్కన చేరింది. ఇషాపూర్‌లో .315 వేట రైఫిలు మాత్రం మన సర్కారే చేసి అమ్మింది. పది తూటాల పెట్టె స్థానంలో ఐదు తూటాలది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే నాడు .303కి వీడ్కోలు చెప్పినారు. పోలీసు వదిలేసినా, జనానికి అది ఇప్పటికీ అందదు.

ఇప్పుడు పెద్దనాయన తుపాకి. ఆయన బతికుండగా ఒకసారి ఎన్నికలైనాక స్టేషన్‌నుంచి తెచ్చినప్పుడు, వసారాలో కూర్చోబెట్టుకుని చూపించినాడు. ముట్టుకోనీలేదు. కట్టె సగానికే ఉంది, కాబట్టి మా ఊరి కథ నిజమేనేమో అనిపించింది. కానీ లైసెన్సు పుస్తకంలో స్పష్టంగా ఉంది, .315 అని. అది కోసింది కాదు, పుట్టినప్పట్నుంచే వేట తుపాకి. “పెద్దనాయనా, ఇది మిలిట్రీది కాదు” అన్నాను. “తెలుసులేరా, ఊర్లో ఎవురికీ చెప్పొద్దు” అన్నాడు.

ఎందుకు చెప్పొద్దన్నాడో మన సీమలో పుట్టినోళ్ళకు వివరించక్కర్లేదు. లైసెన్సు పంట కాపలాకే రాసుకున్నా, గోడకు తగిలించింది మనిషిని బట్టి. ఎవరికి తుపాకి ఉంది, ఎవరికి లేదు అనేదే ఊర్లో పెద్దరికం. పేద రైతు బరి గొట్టం నాటు తుపాకి లైసెన్సు కూడా అడగడానికి భయపడేవాడు.

పంట కాపలా అన్నా కదా. మా చేన్లలో వేరుశనగ మొలకెత్తితే చాలు, కృష్ణజింకలు మందలుగా దిగుతాయి. 1972 వన్యప్రాణి చట్టంలో అవి మొదటి షెడ్యూలు. కాల్చడం నేరం. అది న్యాయమే అని నేననుకుంటా. ఇంకో పక్క, రాత్రంతా డబ్బా కొట్టుకుంటూ చేన్లో కూర్చునే మా అన్న మొహం చూసి ఆ మాట గట్టిగా అనలేను. వేట కోసం పుట్టిన రైఫిలుకు ఇక్కడ వేటే లేదు.

పెద్దనాయన పోయినాక తుపాకి స్టేషన్లో ఉంది. వారసుడిగా అన్న లైసెన్సుకు అర్జీ పెట్టుకోవాల, లేదా అప్పగించేయాల. మొన్న పండక్కి పోయినప్పుడు ట్రంకుపెట్టెలోంచి పాత లైసెన్సు పుస్తకం తీసినాడు. ప్రతి ఎన్నికలకూ తుపాకి అప్పగించినట్టు ముద్రలు, సంతకాలు. పేజీలు సగం వాటితోనే నిండిపోయినాయి.

“ఏం చేద్దామన్నా?” అన్నాను.

“శనక్కాయ పీకేది కానీ. అనంతపురం పోయి కలెక్టరాఫీసులో అడుగుదాం” అన్నాడు.

అడిగినాక ఏమైందో ఇంకో ఎపిసోడ్‌లో చెప్తాను. ఉంటాను, నమస్కారం.